హాట్ టబ్ సర్క్యులేషన్ పంపు మధ్యాహ్నం కాగానే ఆగిపోతోంది, కారణం ఏమిటి?

చాండ్లర్ మామగారు (ప్రశ్న)

నమస్కారం. అరిజోనాలోని చాండ్లర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. ఇల్లు కొన్నప్పుడే పెరట్లో హాట్ టబ్ (కూర్చునే వేడినీటి తొట్టి) ఉంది. అందులో కూర్చునే సరదా అల్లుడిది, దాని ఆలనాపాలనా నాది. థర్మల్ విద్యుత్ కేంద్రంలో మోటార్ల మరమ్మతులు చూసి రిటైరయ్యాను కాబట్టి ఎవరూ అడగకుండానే ఆ శాఖ నాకు దఖలు పడింది.

జెట్లు కొట్టే పెద్ద పంపుతో పేచీ లేదు. నీటిని రోజంతా ఫిల్టర్, హీటర్ గుండా మెల్లగా తిప్పే చిన్న సర్క్యులేషన్ పంపుతోనే తంటా. పొద్దున బాగానే తిరుగుతుంది. మధ్యాహ్నానికి ఆగిపోతుంది. కాసేపటికి దానంతటదే మొదలై మళ్ళీ ఆగుతుంది. చీకటి పడ్డాక కూడా చాలాసేపు ఇదే వరస. తెర మీద ఎర్రర్ కోడ్ ఏదీ రాదు, బ్రేకర్ పడదు. నీరు సుమారు 1,500 లీటర్లు. వేడి 92 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెట్టాం.

వచ్చిన టెక్నీషియన్ పక్క తలుపు తీసి చూసి, మీటరు పెట్టకుండానే "పంపు పోయింది, మార్చాలి" అన్నాడు. చెయ్యి ఆనించి మోటారు జాతకం చెప్పేవాళ్ళను ఉద్యోగంలో చాలామందిని చూశాను. కొత్తది కొనడానికి అభ్యంతరం లేదు, ఎందుకు కొంటున్నానో తెలియాలి.

డాలస్ పెరడు

మామగారూ, ముందు ఫిల్టర్ పూర్తిగా బయటికి తీసి నడిపి చూడండి. మా టబ్‌లో ఇలాంటి ఆగుడు వచ్చినప్పుడు ఫిల్టర్ మడతల్లో సన్‌స్క్రీన్, నూనె జిడ్డు పేరుకుని ఉంది. పైపు నీళ్ళతో కడిగితే అది పోదు. ఫిల్టర్ మందులో రాత్రంతా నానబెట్టాలి. ఇటీవల నీళ్ళు మార్చి ఉంటే ఎయిర్ లాక్ కూడా కావచ్చు. పంపు దగ్గర పైపును కలిపే యూనియన్ బిగింపును కొద్దిగా వదులు చేస్తే గాలి బుసబుసమని పోతుంది, నీరు కారగానే బిగించేయండి.

చాండ్లర్ మామగారు

ఫిల్టర్ తీసేసి ఒక పూటంతా నడిపాను బాబూ. తేడా లేదు. నీళ్ళు మార్చి చాలాకాలమైంది, గాలి చేరే అవకాశం తక్కువ. పైగా ప్రవాహం తగ్గితే టబ్‌ను నడిపే కంట్రోల్ బోర్డు ఊరుకోదు, తెర మీద ఫ్లో కోడ్ వేసి హీటర్ ఆపేస్తుంది. ఇక్కడ అలాంటి ఫిర్యాదేమీ లేదు.

హ్యూస్టన్ ప్లంబింగ్

మీవైపు నీళ్ళు బాగా కఠినం కదండీ, నా అనుమానం సున్నం మీద. ఈ చిన్న పంపుల్లో చాలావాటికి రోటర్ నీళ్ళలోనే తిరుగుతుంది, బేరింగుకు నీరే కందెన. సున్నం పొర కడితే రోటర్ బిగుసుకుని మోటారు వేడెక్కుతుంది, లోపలి థర్మల్ కటౌట్ ఆపేస్తుంది. చల్లారగానే మళ్ళీ తిరుగుతుంది. మీరు చెప్పే లక్షణాలు దానికి సరిపోతున్నాయి. మధ్యాహ్నం ఎండకు పెట్టె లోపల పొయ్యిలా ఉంటుంది కాబట్టి అప్పుడే ఆగుతుండవచ్చు. విప్పి వెనిగర్‌లో నానబెట్టండి.

చాండ్లర్ మామగారు

మీ మాటలో పస ఉంది. కరెంటు తీసి విప్పాను. నీటిని నెట్టే రెక్కల చక్రం (ఇంపెల్లర్) మీద తెల్లటి పొర పలచగా ఉంది, కానీ రోటర్ వేలితో తిప్పితే హాయిగా తిరిగింది. అయినా వెనిగర్ స్నానం చేయించి బిగించాను. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ అదే కథ.

అప్పుడు మా పాత పద్ధతికే వెళ్ళాను. పంపు ఆగి ఉన్నప్పుడు దాని తీగల దగ్గర వోల్టేజి ఉందా లేదా? కటౌట్ ఆపి ఉంటే బోర్డు పంపే వోల్టేజి అక్కడిదాకా వస్తూనే ఉండాలి. మీటరు సున్నా చూపించింది. అంటే పంపు తనంతట తాను ఆగలేదు, పైనుంచే ఆపుతున్నారు. ఇక అనుమానం బోర్డు మీద. పంపుకు కరెంటు కలిపే దాని స్విచ్చి, అదే రిలే, పోయిందా?

(ఇది చదివి ఎవరూ తడి నేల మీద నిలబడి మీటరు పట్టుకోకండి. అది 240 వోల్టుల సరఫరా. అలవాటు లేనివారు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.)

టెంపీ వాసి

మామగారూ, మీ పక్క ఊరే మాది. బోర్డు కొనకముందు ఒక్క మాట చెప్పండి: పంపు ఆగే ముందు తెర మీద నీటి వేడి ఎంత ఉంటోంది?

చాండ్లర్ మామగారు

95, ఒక్కోసారి 96 అమ్మా. మూత మీద ఎండ పడుతుంది కదా అని పట్టించుకోలేదు.

టెంపీ వాసి

అయితే చాలావరకు తేలిపోయినట్టే. నీటి వేడి పెట్టినదానికంటే 3 డిగ్రీలు పెరిగితే సర్క్యులేషన్ పంపును అరగంట ఆపేలా చాలా బోర్డులకు ముందే నేర్పి ఉంటారు. అరగంటయ్యాక తిప్పి, వేడి చూసుకుని, ఇంకా ఎక్కువే ఉంటే మళ్ళీ ఆపుతుంది. పంపు వేడి నీటిలోకి చేరకుండా ఈ ఏర్పాటు. చల్లటి రాష్ట్రాలవాళ్ళకు ఇది కనబడదు. మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే గొడవ.

పరీక్ష సులువు. ఈసారి ఆగి ఉన్నప్పుడు వేడిని 98కి పెంచండి. వెంటనే తిరిగితే రిలే బాగున్నట్టే.

చాండ్లర్ మామగారు

పెంచాను. బటన్ మీది వేలు తీసేలోపే పంపు మొదలైంది. తిరిగి 92కు దించాక కొద్దిసేపట్లో ఆగింది.

తరవాత కాగితం మీద లెక్క వేశాను. ఆ పంపు పలక మీద ఉన్నది 100 వాట్లు. రోజంతా తిరిగితే 2.4 యూనిట్లు. అదంతా నీటిలోకే పోయిందనుకుంటే 1,500 లీటర్ల నీరు రోజుకు దాదాపు 1.4 సెల్సియస్, అంటే 2.5 ఫారన్‌హీట్ డిగ్రీలు పెరుగుతుంది. చలికాలంలో ఆ వేడి బయటికి పోతుంది. ఇప్పుడు ఎటు పోతుంది? బయటి గాలి 110 డిగ్రీలు, నీరు 95. వేడి బయటినుంచే లోపలికి వస్తోంది. రాత్రి కూడా 90 కిందికి దిగడమే గగనం. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి వేడి 110 తగ్గలేదు మరి. చలిని ఆపడానికి దట్టంగా కొట్టిన ఫోమ్ ఇక్కడ టబ్‌ను ఫ్లాస్కు చేసింది.

టెక్నీషియన్ చెప్పినట్టు పంపు మార్చి ఉంటే కొత్తది కూడా మధ్యాహ్నానికి ఆగేది. అప్పుడు బోర్డు మార్చమనేవాడు.

హ్యూస్టన్ ప్లంబింగ్

నా సున్నం వాదన వీగిపోయింది, ఒప్పుకుంటాను. అయినా గట్టి నీళ్ళ ఊళ్ళో ఆ వెనిగర్ స్నానం అప్పుడప్పుడు చేయించడం మంచిదే.

టెంపీ వాసి

ఒక జాగ్రత్త. పంపు ఆగినంతసేపూ ఫిల్టరింగ్ ఉండదు, నీటిని శుద్ధి చేసే ఓజోనేటర్ ఉంటే అదీ పనిచేయదు. వేడి నీటిలో క్లోరిన్ త్వరగా ఖర్చవుతుంది. ఎవరైనా దిగేముందు క్లోరిన్ ఎంతుందో పరీక్ష పట్టీ ముంచి చూడండి, 3 పీపీఎం కంటే తగ్గకూడదు. క్లోరిన్ తగ్గిన నీళ్ళలో సూక్ష్మజీవులు పెరిగితే ఒంటి మీద దద్దుర్లు రావచ్చు.

చాండ్లర్ మామగారు

మంచి మాట చెప్పావమ్మా, పట్టీలు తెప్పించాను. టబ్ పైన నీడకు గుడ్డ కట్టాం. ఫిల్టర్ సైకిల్‌ను (ఫిల్టర్ కోసం టబ్ తనంతట నడిచే వంతును) తెల్లవారుజామున ఒక్కసారికి తగ్గించాను. రాత్రి భోజనాలయ్యాక నేను పక్కనే కుర్చీ వేసుకుని, నిద్రపోయేదాకా మూత తెరిచి ఉంచుతున్నాను. ఆవిరై పోయే నీరే కాస్త చల్లబరుస్తుంది. ఇప్పుడు సాయంత్రానికి 93 దగ్గర నిలుస్తోంది, పంపు ఆగడం లేదు. వేసవంతా 97కు పెట్టేస్తే ఇదేమీ అక్కర్లేదని అల్లుడి వాదన. జూలైలో 97 డిగ్రీల నీళ్ళలో ఎవరు కూర్చుంటారో ఆయన ఇంకా చెప్పలేదు.