అప్‌డేట్: కంభం చెరువులో గాలానికి ఏ ఎర, ఎంత దారం?

కంభం చెరువుకు ఏ ఎర, ఎంత లావు దారం పట్టుకెళ్లాలని ఇక్కడ అడిగాను కదా. మీ సలహాలన్నీ చేసి చూశాక తేలింది ఇది.

ముందు అనుమతి. చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలదే, వాళ్లను అడక్కుండా గాలం వేయొద్దు.

నైలాన్ దారం 0.35 మి.మీ. చాలు. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి. పొడిగా లాగితే రాపిడి వేడికి అక్కడే బలం తగ్గి, పెద్ద బొచ్చె చేప పడగానే పుటుక్కున తెగుతుంది.

ఎరకు వేరుశనగ చెక్క పొడి రెండు పాళ్లు, తవుడు ఒక పాలు, పిడికెడు మైదా. నీళ్లు చెంచాతోనే పోయాలి. వేలితో నొక్కితే ముద్ద పగలకుండా అణగాలి, చేతికి అంటకూడదు. పలచనైతే విసిరినప్పుడే ఊడిపోతుంది. మరీ గట్టిదైతే కొక్కెం మొన బయటపడక చేప నోట్లో గుచ్చుకోదు.

బొచ్చె పైనీళ్లలో, శీలావతి నడుమ, మోసు అడుగున మేస్తాయి. అరగంటైనా బెండు (దారానికి కట్టి నీళ్లపై తేలేది) కదలకపోతే ఎర మార్చకండి, ముందు దారం మీద బెండును జరిపి ఎర దిగే లోతు మార్చండి. మా తిప్పలన్నీ అక్కడే తీరాయి.

తెగిన దారం ముక్కలు గట్టున వదలొద్దు, కొంగల కాళ్లకు చుట్టుకుంటాయి.