‘భావనాత్మక చట్రం’ అనే మాట సరిపోతుందా?

మా అక్క కూతురు అమలాపురం వైపు పల్లెల్లో పరిశోధన చేస్తోంది. చేలు రొయ్యల చెరువులైతే పక్కనున్న వరి ఏమవుతోంది అన్నది విషయం. సారాంశం తెలుగులో రాస్తూ కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ (పరిశోధనలో ఏ అంశానికి దేనితో సంబంధమో చూపే అమరిక) దగ్గర ఆగిపోయింది. “భావనాత్మక చట్రం అని రాశాను మావయ్యా, చదివినవాళ్లు భావోద్వేగాల సంగతి అనుకుంటున్నారు” అని ఫోన్ చేసింది.

నాకైతే తప్పు ‘ఆత్మక’లో ఉందనిపించింది. అది చేర్చితే ఊహలో ఉండే చట్రం అనే అర్థం వస్తుంది. మనకి కావలసింది భావనలతో కట్టిన చట్రం. ‘భావనల చట్రం’ అంటే చాలు.

చట్రం అన్నా నాకు ఇంకా తృప్తి లేదు. చిన్నప్పటి పలకే గుర్తొస్తుంది: చుట్టూ నాలుగు చెక్క బద్దలు, లోపలంతా ఖాళీ. హద్దు తెలుస్తుంది కానీ లోపల దేనికి దేనితో సంబంధమో తెలియదు. తాటాకింటి కప్పు చూడండి. నిట్రాట మీద దూలం, దూలం మీద వాసాలు, వాసాలకి అడ్డంగా పెండెలు. ఏది దేనికి ఆనుకుందో, ఎక్కడ ముడి పడిందో కింద నిలబడితే కనిపిస్తుంది. అందుకే ‘భావనల కూర్పు’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు:
కూర్పు బాగుందండీ, కానీ చట్రాన్ని వదలొద్దు. సైద్ధాంతిక చట్రం (థియరెటికల్ ఫ్రేమ్‌వర్క్) అనే మాట ఇప్పటికే వాడుకలో ఉంది, దాని పక్కన ఇదీ ఉండాలి. అది ఇదివరకే ఎవరో ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని తెచ్చుకోవడం. భావనల చట్రమేమో ఈ ఒక్క పరిశోధన కోసం మనం అల్లుకునేది. అమ్మాయిని ముందు బొమ్మ గీయమనండి. చెరువు ఉప్పునీరు, అక్కడినుంచి బాణం గీసి పొలం మట్టిలో ఉప్పు, ఇంకో బాణం గీసి వరి దిగుబడి. మురుగు కాలువని మర్చిపోవద్దనండి. పంట కాలువ నీళ్లు ఉప్పుని కడిగినా, మురుగు కాలువ పూడిపోయి ఉంటే ఆ నీళ్లు పోయే దారేదీ? ఒకే చెరువు పక్కన రెండు చేలు రెండు రకాలుగా ఉండొచ్చు. ఆ బాణాలన్నీ ఆవిడ అంచనాలే, నిజమో కాదో పొలంలో తేలాలి.

మళ్లీ నేను:
గీసిందండీ, చాలా సంతోషం. చెరువు నీరు స్వతంత్ర చరం (ప్రభావం చూపేది), దిగుబడి పరతంత్ర చరం (ప్రభావం పడేది), మధ్యలో మట్టి ఉప్పు మధ్యవర్తి (ప్రభావాన్ని మోసుకెళ్లేది). ఇంతవరకూ టెన్షన్ లేదు. మురుగు కాలువ దగ్గరే చిక్కు. అది మధ్యవర్తి కాదు, ప్రభావం దాని గుండా పోవట్లేదు. ప్రభావం ఎంత గట్టిగా తగలాలో అది తేలుస్తుంది. ఇంగ్లీషులో మోడరేటర్ అనే దీన్ని ‘నియంత్రక చరం’ అందామంటే, దాని ప్రభావం కలవకుండా మనం స్థిరంగా పట్టి ఉంచే ‘నియంత్రిత చరం’ (కంట్రోల్ వేరియబుల్)తో కలిసిపోతోంది. తూము తలుపు కొంచెం ఎత్తి, కొంచెం దించి బోదెలోకి నీళ్లు సరిచూస్తారు కదా, ఆ పనికి మీ ఊళ్లో ఏమంటారో చెప్పండి. ఆ మాటలోంచే దీనికి పేరు తీయాలని ఉంది.