వ్యాగన్‌ను ‘మాపడం’ అనొచ్చా?

కిట్లు తెచ్చుకుని బుల్లి గూడ్స్ వ్యాగన్లు కట్టే పిచ్చి నాది. ఇప్పుడు బల్ల మీద ఉన్నది బ్రిటిష్ రైల్వేస్ వాళ్ల 16 టన్నుల బొగ్గు వ్యాగన్, ఓఓ స్కేలు. అంటే అసలు బండిలో సుమారు 76వ వంతు. పక్కలు అతికించి, అద్దం మీద పెట్టి నాలుగు చక్రాలూ ఆనుతున్నాయో లేదో చూసి, బూడిదరంగు వేసేశాను. ఇప్పుడది అచ్చం ఆటబొమ్మ! ఎండావానల్లో ఏళ్లపాటు తిరిగిన బండిలా కనిపించాలంటే వెదరింగ్ చేయాలి. ఆ పనికి తెలుగులో ఏమనాలి? బడి పుస్తకాల్లోని ‘శైథిల్యం’ కొండలకీ రాళ్లకీ సరిపోతుంది. ‘పాతబరచడం’ నాకే నచ్చలేదు.

— ‘మాపడం’ ఉందిగా అండీ. ‘కొత్త చొక్కా గంటలో మాపుకొచ్చాడు’ అని ప్రతి ఇంట్లోనూ తిట్టేదే. దానంతటది మాస్తుంది, మనం మాపుతాం.

— మాపు అంటే చెరపడం కూడా. ‘రేపూ మాపూ’లో అయితే సాయంత్రం. పైగా మురికి ఒక్కటేనా? తుప్పు సంగతేంటి?

— తుప్పు అని మీరంటారు, మా తెలంగాణలో జంగు పట్టిందంటాం. చిలుము మాత్రం ఇత్తడికీ రాగికీ ఉంచండి, ఇనుప బండికి వద్దు.

— మాట మీద సందర్భం పెత్తనం చేస్తుంది కాబట్టి సాయంత్రంతో తికమక రాదు. మురికి ఒక్కటే కాదన్న మాట మాత్రం నిజం. నేనూ ఈ వ్యాగన్లు చేస్తుంటాను కనుక వరస చెప్తాను. ముందు రంగు వెలిసిపోవాలి: అసలు రంగులో కాస్త తెలుపు కలిపి పల్చగా ఒక పూత. తర్వాత పెచ్చులు. తుప్పురంగు అడుగున వేసి, ఆరాక హెయిర్‌స్ప్రే కొట్టి, పైన బూడిదరంగు వేసి, తడి కుంచెతో రుద్దితే పై రంగు పెచ్చులుగా లేస్తుంది. ఈ పని రంగు వేయకముందే అనుకోవాలి, మీది ఈసరికే అయిపోయింది కాబట్టి స్పాంజి ముక్కతో తుప్పురంగు అద్దుకోండి. లోపలి వైపు మొహమాటం వద్దు, తడి బొగ్గు మోసిన రేకు దాదాపు అంతా తుప్పే. ఇక నీళ్లు కారిన చారలు పైనుంచి కిందికే రావాలి, అడ్డంగా తుడిస్తే ఇట్టే దొరికిపోతారు. ఇరుసుల దగ్గర జిడ్డు మకిలి, చక్రాల చుట్టూ బ్రేకులు అరిగిన గోధుమరంగు పొడి. ఇన్నిటికీ విడివిడిగా మన మాటలున్నాయి, మొత్తం పనికి ‘మాపడం’ చాలు.

— మరి చెక్క వ్యాగన్లకి? ప్రైవేటు కంపెనీల బొగ్గు వ్యాగన్లు 1948లో జాతీయమయ్యాక చాలావాటికి మళ్లీ రంగే వేయలేదు. నంబరు పడేంత మేర నల్లరంగు పూసి పైన తెల్లగా రాసేవారు. విరిగిన పలక మారిస్తే కొత్త చెక్క అలాగే కనిపించేది.

— దానికైతే ‘మాసిక’! చిరిగిన గుడ్డకి వేసేదే. నా తర్వాతి కిట్ చెక్క వ్యాగనే, రాసేటప్పుడు ఈ మాటే వాడతాను. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే చెప్పండి, రంగు ఆరేదాకా ఖాళీనే.