క్లామిడియాకు మందు చౌకే, మరి పరీక్షకు అంత ఖర్చు ఎందుకు?

లెక్కలరాయుడు: లైంగిక సంబంధంతో సోకే బ్యాక్టీరియా వ్యాధి క్లామిడియాకు ఇచ్చే డాక్సీసైక్లిన్ 1967 నుంచీ వాడుకలో ఉన్న పాత మందు. 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు ఏడు రోజులు వేసుకోవాలి, అంటే మొత్తం 14 మాత్రలే. ఆ వ్యాధిని నిర్ధారించే, బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షకు మాత్రం సాధారణంగా అంతకంటే చాలా ఎక్కువ అవుతుంది. అనుమానం ఉన్నవారికీ వారి భాగస్వామికీ నేరుగా మాత్రలు ఇస్తే తీరిపోయేదానికి పరీక్ష పేరిట జేబు ఖాళీ చేయించడం ఎందుకు?

సంధ్యారాగం: "అనుమానం ఉన్నవారు" అని తేలిగ్గా అనేశారు గానీ, ఈ వ్యాధి సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. పట్టించుకోకుండా వదిలేస్తే అది గర్భాశయం నుంచి ట్యూబుల్లోకి పాకి, అక్కడ మచ్చలు కట్టి, పిల్లలు పుట్టకపోవడానికో, ట్యూబులోనే గర్భం నిలవడానికో దారితీయవచ్చు. ఆ ఆపరేషన్లూ సంతాన చికిత్సలూ మీ లెక్కలోకి రావా?

లెక్కలరాయుడు: 2020లో 15 నుంచి 49 ఏళ్లవారిలో సుమారు 12.85 కోట్ల కొత్త కేసులు వచ్చి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. ఇంతమందిని పరీక్షలతో పట్టుకోవాలంటే ఆ డబ్బు ఎవరిస్తారు?

బాటసారి: అసలు ఏడు రోజులు దేనికి? నాకు అజిత్రోమైసిన్ ఒక్క గ్రాము ఒకేసారి మింగించారు, అంతటితో సరి.

లెక్కలరాయుడు: మలద్వారంలోని ఇన్ఫెక్షన్‌పై అది అంత బాగా పనిచేయదు. 2021లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ డాక్సీసైక్లిన్‌నే ముందు నిలబెట్టింది. గర్భిణులకు మాత్రం అజిత్రోమైసినే ఇస్తారు.

బాటసారి: మూడో రోజుకే అటకెక్కే మాత్రలు ఎంత చౌకైతే ఏం లాభం?

సంధ్యారాగం: మీరిద్దరూ మాత్రలు లెక్కపెడుతూ ఉండండి. నేను ఆ 14 మాత్రలనూ గ్లాసెడు నీళ్లతో, మింగిన వెంటనే పడుకోకుండా, ఒక్కటీ తప్పకుండా వేసుకున్నాను. మూడు నెలలకు మళ్లీ చేయించిన పరీక్షలో మళ్లీ పాజిటివ్ వచ్చింది. మా ఆయన తనకేమీ లేదంటూ మందుల చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, ఆ చొక్కా అలాగే ఉతుకుల్లో పడింది, ముద్దయిన కాగితం నా చేతికే వచ్చింది. రెండోసారి ఫీజూ, పరీక్షా, మందులూ అన్నీ నా సంపాదనలోంచే పోయాయి.

లెక్కలరాయుడు: నేను మొదటినుంచీ చెబుతున్నది అదే కదండీ. ఆయన మాత్రలు కూడా మీ చేతికే ఇచ్చి పంపి ఉంటే రెండో ఖర్చు తప్పేది. కొన్ని దేశాల్లో ఆ పద్ధతి ఉంది కూడా.

సంధ్యారాగం: ఏ రోగానికని చెప్పి వేయించమంటారు? పాజిటివ్ అన్న కాగితం చేతిలో లేకపోతే ఆ మాట ఎత్తే ధైర్యం నాకెక్కడిది? ఖర్చు ఖర్చు అంటూ పరీక్ష మీదే ఎందుకు విరుచుకుపడుతున్నారో ముందు అది చెప్పండి.

లెక్కలరాయుడు: సరే, చెబుతాను. ఆ కాగితం వచ్చిన రోజు నుంచే మా ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఇన్ఫెక్షన్ ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు, లక్షణాలు లేకుండా అది నెలల తరబడి ఉండగలదు. అయినా మా ఆవిడ కాగితం మీది తేదీ పట్టుకుని, ఆ నెల నేనెక్కడెక్కడ తిరిగానో కూడికలు వేసింది. మాత్రలు మాత్రమే ఇచ్చి ఉంటే, ఏదో ఇన్ఫెక్షన్ అనుకుని ఇద్దరం మింగి ఊరుకునేవాళ్లం.

సంధ్యారాగం: అయితే మీ బాధ ఖరీదు గురించి కాదన్నమాట. సంగతేమిటో తెలియనివ్వకుండా ఆమె చేత మందు మింగించాలన్నది మీ కోరిక.

బాటసారి: మందు వాడే ఆ ఏడు రోజులూ ఇద్దరూ దూరంగా ఉండాలి కదా, దానికి ఆమెతో ఏమని చెప్పేవారు?

లెక్కలరాయుడు: పని మీద ఊరు వెళ్తున్నానని చెప్పేవాణ్ణి.