అమ్మకు బస్సే పడదు, ఓడలో ఏ క్యాబిన్ తీసుకోవాలి?

దేవరకొండ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. జనవరిలో ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ తిరిగొచ్చే క్రూజ్‌కు పోదామనుకుంటున్నాం. అమ్మ, నాన్న, మేమిద్దరం, పిల్లలిద్దరు. అమ్మకు బస్సు పడదు. దేవరకొండలో ఎక్కితే నల్లగొండ వచ్చేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చేతిలో నిమ్మకాయతో కూర్చుంటుంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఏజెంటేమో పై డెక్కులో, అంటే ఓడ పై అంతస్తులో, ముందువైపు బాల్కనీ క్యాబిన్ ఉంది, వ్యూ అదిరిపోతుంది అంటున్నాడు. అంత పెట్టలేమంటే ‘గ్యారంటీ’ క్యాబిన్ తీసుకోండి, తక్కువలో వస్తుంది అంటున్నాడు. పోయినేడు సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీలో పోతే అమ్మకు ఏమీ కాలేదు. ఆ ధైర్యంతోనే అడుగుతున్నా.

మహబూబ్‌నగర్ నుంచి జవాబు:

అక్కా, ఆ బాల్కనీ వద్దు. ఆర్టీసీ బస్సులో చివరి సీట్లో కూర్చుంటే గుంత వచ్చినప్పుడల్లా ఎగిరి పడతాం, మధ్యలో కూర్చున్నోళ్లకు అంత తెలియదు. ఓడ కూడా అంతే. అలకు ముందు భాగం లేస్తుంది, వెనక భాగం దిగుతుంది, నడిమి భాగం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఇది కాక పక్కలకు ఊగడం వేరే. అది పైకి పోయిన కొద్దీ ఎక్కువ. గాలికి తాటిచెట్టు మొదలు కదలదు, మట్టలే ఊగుతాయి కదా. మీ ఏజెంటు చూపించింది పైన, ముందు. అమ్మకు కావాల్సింది కింద, నడుమ.

సోమశిల లాంచీని లెక్కలోకి తీసుకోకండి. అది డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు. సముద్రంలో ఇక్కడ గాలి లేకున్నా ఎక్కడో దూరాన పుట్టిన అల ఓడ కిందికి వస్తుంది. అయితే జనవరిలో అరేబియా సముద్రం మామూలుగా నెమ్మదిగానే ఉంటుంది. జూన్, జూలై అంటే అసలు పోవద్దనేవాణ్ణి.

ఇక గ్యారంటీ అంటే ఏదో ఒక క్యాబిన్ దొరుకుతుందని గ్యారంటీ, ఎక్కడ దొరుకుతుందో కాదు. నంబరు కంపెనీ వాళ్లిష్టం. మేం అట్లనే తీసుకున్నాం. ఈతకొలను డెక్కుకు సరిగ్గా కింద ఇచ్చారు. అర్ధరాత్రి దాకా నెత్తిమీద డీజే. తెల్లవారుజామున అయిదున్నరకు పైన కుర్చీలు సర్దడం మొదలు, ఒకదాని తర్వాత ఒకటి గర్రుమని ఈడ్చే చప్పుడు. మా నాయనమ్మ లేచి కూర్చుని ‘పైన ఎవరో వడ్ల బస్తాలు గుంజుతున్నరు, పోయి చూడురా’ అన్నది.

సూర్యాపేట నుంచి జవాబు:

నేను ఓడల్లో అయిదేళ్లు హౌస్‌కీపింగ్ చేశాను. ఎక్కేముందు అందరూ ఊపు గురించి అడుగుతారు, దిగేటప్పుడు తిట్టుకునేది మాత్రం చప్పుడు గురించే. ఓడకు రెండు పక్కలా నీళ్లలోకి చేప రెక్కల్లాంటివి చాస్తారు, స్టెబిలైజర్లు. పక్కలకు ఊగడాన్ని అవి బాగా తగ్గిస్తాయి. ముందూవెనకా లేచి పడడాన్ని పెద్దగా ఆపలేవు.

ముందువైపు కింది డెక్కుల్లో ఇంకో బాధ ఉంది. ఓడను రేవుకు పక్కకు జరిపే థ్రస్టర్లు అక్కడే ఉంటాయి. పొద్దున్నే గోవాలో మార్మగోవా రేవుకు చేరేటప్పుడు మంచం కింద బోరు వేస్తున్నట్టు ఉంటుంది. మరీ వెనక్కి పోతే ఇంజను అదురు. టేబుల్ మీది గ్లాసులో నీళ్లు సన్నగా వణుకుతూనే ఉంటాయి.

మీరు చేయాల్సింది ఒకటే. ఆ ఓడ డెక్ ప్లాన్ దింపుకుని మీ డెక్కు, దాని పైది, దాని కిందిది ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. పైనా కిందా క్యాబిన్లే ఉండాలి. థియేటర్, బార్, వంటిల్లు ఏవీ తగలకూడదు. ప్లాన్‌లో పేరు లేకుండా తెల్లగా వదిలేసిన గళ్లుంటాయి. చాలావరకు అవి మాలాంటి సిబ్బంది వాడే చోట్లు, రోజంతా బండ్లు తోస్తూనే ఉంటాం. వాటి పక్కన తీసుకోకండి.

నాన్నగారికి లిఫ్ట్ దగ్గరుండాలి, కానీ ఎదురుగా వద్దు. నాలుగైదు తలుపులు అవతల అయితే చాలు. అన్నట్టు, లక్షద్వీప్‌లో పెద్ద ఓడ ఒడ్డుకు ఆనదు, చిన్న పడవలోకి దిగాలి. ఆ మోకాళ్లతో ఆయన దిగగలరో లేదో ముందే ఆలోచించుకోండి.

మిర్యాలగూడ నుంచి:

నాలుగు రోజులకు కిటికీ ఎందుకండీ? లోపలి క్యాబిన్ తీసుకుంటే డబ్బులు మిగులుతాయి. చీకట్లో నిద్ర కూడా మస్తు పడుతుంది.

మహబూబ్‌నగర్ నుంచి:

మీకూ నాకూ అయితే సరే అన్నా. లోపలి క్యాబిన్లో కంటికి గోడ కదలనట్టే ఉంటుంది, చెవి లోపలి భాగానికేమో ఊపు తెలుస్తుంది. ఆ రెండింటి తగాదాకే కడుపులో తిప్పుతుంది. ఆకాశం, నీళ్లు కలిసే గీత కనబడితే కొంత నయం. కిటికీ ఉంటే చాలు, బాల్కనీ అక్కర్లేదు. కాకపోతే ఆ కిటికీకి లైఫ్‌బోటు అడ్డం ఉందేమో, బయట జనం నడిచే డెక్కు ఉందేమో చూసుకోవాలి.

నల్లగొండ నుంచి:

నాది మందుల షాపు. అవోమిన్ లాంటి గోళీలు ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేస్తే లాభం తక్కువ. నిద్రమత్తుగా ఉంటుంది. అమ్మగారు బీపీకో, ఇంకోదానికో మందులు వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా వేయొద్దు. అల్లం మురబ్బా కూడా పెట్టుకోండి.

దేవరకొండ నుంచి:

అందరికీ థ్యాంక్స్. రాత్రి ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాం. 4వ డెక్కులో, నడిమి లిఫ్ట్‌కు ఆరు తలుపుల అవతల, కిటికీ ఉన్న క్యాబిన్లు రెండు పక్కపక్కనే దొరికాయి. పైనా కిందా క్యాబిన్లే. రెండూ కలిపినా ఆ బాల్కనీలకు చెప్పిన రేటు కన్నా బాగా తక్కువ. మా దాంట్లో పైనుంచి దించే మంచాలుంటాయట, కిటికీ వైపుది నాదంటే నాదని పిల్లలు ఇప్పటినుంచే కొట్లాట. డబ్బు కట్టేశాం. ఆ నంబర్లే ఇస్తానని ఏజెంటు వాట్సాప్‌లో పెట్టాడు.

సూర్యాపేట నుంచి:

వాట్సాప్ కాదమ్మా, బుకింగ్ కాగితం చూడండి. క్యాబిన్ నంబరు ఉండాల్సిన చోట ‘జీటీవై’ అని ఉంటే అది గ్యారంటీయే.

దేవరకొండ నుంచి:

అమ్మావాళ్లదానికి నంబరుంది. మాదానికి జీటీవై అనే ఉంది! ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.