నీల్ సైమన్‌ని ఎక్కడ మొదలుపెట్టాలి? ఆ మూడో అంకం గొడవేమిటి?

కొత్తకలం:
మూడు అంకాల కామెడీ ఎలా కడతారో నేర్చుకోవడానికి అమెరికన్ నాటక రచయిత నీల్ సైమన్‌ని చదువుదామనుకుంటున్నాను. లెక్క దగ్గరే చిక్కు వచ్చింది. ముప్పై నాటకాలని కొందరు, ఇంకా ఎక్కువని కొందరు అంటున్నారు. అన్నీ చదవక్కర్లేదని తెలుసు, కానీ ఏవి వదిలేయొచ్చు? ‘ది ఆడ్ కపుల్’ మూడో అంకం ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టిందంటారు. అసలేం జరిగింది?

తెరవెనుక:
లెక్క తేడా రావడానికి కారణం ఉంది. ‘స్వీట్ చారిటీ’, ‘ప్రామిసెస్, ప్రామిసెస్’ లాంటి సంగీత నాటకాలకు ఆయన కథ, సంభాషణలు మాత్రమే రాశాడు. పాటలు వేరేవాళ్లవి. వాటిని కలుపుతారా లేదా? ‘ప్లాజా సూట్’ ఒకే హోటల్ గదిలో జరిగే మూడు చిన్న నాటకాలు. దాన్ని ఒకటనాలా, మూడనాలా? ‘ది ఆడ్ కపుల్’నే 1985లో ఆడవాళ్ల పాత్రలతో తిరగరాశాడు. అదీ విడిగా లెక్కలోకి వస్తుంది. ముప్పైకి పైగా అనుకుంటే చాలు. సినిమా స్క్రిప్టులు వేరే.

జీవితం క్లుప్తంగా: 1927 జూలై 4న న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టాడు, వాషింగ్టన్ హైట్స్‌లో పెరిగాడు. అన్న డానీతో కలిసి రేడియోకి, టీవీకి హాస్యం రాశాడు. హాస్యనటుడు సిడ్ సీజర్ టీవీ షో రచయితల గదిలో పనిచేశాడు. ఆ గదే 1993లో ‘లాఫ్టర్ ఆన్ ది 23ర్డ్ ఫ్లోర్’ అయింది. 2018 ఆగస్టు 26న, 91వ ఏట పోయాడు.

మొదటి నాటకం ‘కమ్ బ్లో యువర్ హార్న్’ 1961లో బ్రాడ్వేకి, అంటే న్యూయార్క్ పెద్ద నాటకశాలలకి, వచ్చింది. దానికి ముందు సుమారు మూడేళ్లు, ఇరవై సార్లదాకా తిరగరాశాడు. చకచకా రాసిపడేసే మనిషి అని అందరూ అనుకుంటారు గానీ, ఆయన పనంతా కొట్టివేతలోనే ఉంది. 1966 డిసెంబర్ నుంచి 1967 జూన్ వరకు ఒకేసారి నాలుగు నాటకాలు బ్రాడ్వేలో ఆడాయి: ‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’, ‘ది ఆడ్ కపుల్’, ‘స్వీట్ చారిటీ’, ‘ది స్టార్-స్పాంగిల్డ్ గర్ల్’. నాలుగోది నిశ్చింతగా వదిలేయండి. మనుషుల్ని పట్టుకోకుండా వాదనను పట్టుకుని రాసిన నాటకం అది, తేలిపోయింది.

మూడోగంట:
‘ఆడ్ కపుల్’ మూడో అంకం సంగతి. కథ ఇది: క్రీడా విలేకరి ఆస్కర్ ఇంట్లోకి, భార్య గెంటేసిన మిత్రుడు ఫెలిక్స్ వచ్చి చేరతాడు. రెండో అంకంలో ఆస్కర్ పైఅంతస్తు పిజన్ అక్కచెల్లెళ్లను భోజనానికి పిలుస్తాడు. ఫెలిక్స్ పెళ్లాంపిల్లల ఫొటోలు తీసి ఏడుస్తాడు, వాళ్లనీ ఏడిపిస్తాడు. నాటకంలో అన్నిటికంటే పెద్ద నవ్వు ఇక్కడే. సైమన్ మొదట్లో వాళ్లను ఆ తర్వాత మళ్లీ రానివ్వలేదు.

చిక్కు అక్కడే. ప్రేక్షకుడికి నచ్చిన మనుషుల్ని మాయం చేసి, చివరి అరగంట ఇద్దరు మగాళ్ల తగవుతో నెట్టుకురావాలి. బ్రాడ్వేకి ముందు బోస్టన్‌లో ఆడుతున్నప్పుడు విమర్శకుడు ఎలియట్ నార్టన్ ఒక టీవీ ముఖాముఖిలో ఆ అక్కచెల్లెళ్లు మళ్లీ కావాలనిపించిందన్నాడు. సైమన్ దాన్ని పట్టుకుని మూడో అంకం మార్చాడు. ఇప్పుడున్న పాఠంలో ఆస్కర్ గెంటేసిన ఫెలిక్స్‌ని వాళ్లే తమ ఇంటికి తీసుకెళ్తారు. ఒక్క మార్పుతో రెండు పనులయ్యాయి: ఫెలిక్స్ ఏమైపోయాడన్న భయం తీరింది, ఆడవాళ్లకోసం తహతహలాడిన ఆస్కర్‌కి చెంపదెబ్బ తగిలింది.

నేర్చుకునేవాళ్లు ఆ పేకాట బల్లను చూడండి. మొదటి అంకంలో కంపుకొట్టే గది, పాడైన ఫ్రిజ్, పాచిన శాండ్‌విచ్‌లు. రెండులో అదే ఆట, కానీ గ్లాసుల కింద అట్టముక్కలు. మూడులో ఫెలిక్స్ వెళ్లిపోయాక, సిగరెట్లు జాగ్రత్తగా ఆర్పమని ఆస్కరే మిత్రుల్ని గదమాయిస్తాడు. మనిషి మారాడని ఎవరూ చెప్పరు. ఇంకో సంగతి: ఫెలిక్స్ ఆలస్యంగా వస్తాడు. వచ్చేసరికే మిగతావాళ్లు అతని గురించి హడలిపోయి ఉంటారు. నటుడు నోరు తెరవకముందే నవ్వు సిద్ధంగా ఉంటుంది.

కొత్తకలం:
ఈ బల్ల సంగతి గమనించలేదు, థాంక్సండీ. ప్రదర్శించేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది?

సరంజామా:
ఎక్కువగా చెడేది వేగం. ప్రేక్షకుల నవ్వు పూర్తిగా చల్లారాక తర్వాతి మాట అందుకుంటే నాటకం ఈడుస్తుంది. నవ్వు పైకెళ్లి దిగడం మొదలవగానే అందుకోవాలి. రెండో తప్పు, నటుడు తాను హాస్యం చేస్తున్నట్టు ఆడటం. ఫెలిక్స్‌కి తన బాధ నిజమైన బాధ. అతను కన్ను గీటితే ఆట ముగిసినట్టే.

పేకాట రంగానికి పేకల్ని సంభాషణకి సరిపోయే వరుసలో ముందే పేర్చిపెట్టండి. అసలు కలిపితే చేతిలో ముక్కలకి, నోటి మాటకి పొంతన ఉండదు. లింగ్వినీ (ఒక రకం పాస్తా) విసిరే చోట నూనె తక్కువ వాడాలి, పగలని పళ్లెం పెట్టాలి. జారి పడితే మిగతా అంకం ఆడేవాళ్లుండరు. ఎనిమిది పాత్రలు, ఒకే సెట్. నాటకాలు అచ్చువేసే శామ్యూల్ ఫ్రెంచ్ వారి నటుల ప్రతి తీసుకోండి, వెనక వస్తువుల జాబితా ఉంటుంది. ప్రదర్శన హక్కులిప్పుడు కాంకర్డ్ థియాట్రికల్స్ అనే సంస్థ దగ్గర ఉన్నాయి. మాటలు ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. ఆడవాళ్లతో ఆడాలంటే 1985 పాఠానికి విడిగా అనుమతి కావాలి. అందులో పేకాట బదులు ట్రివియల్ పర్స్యూట్ అనే ప్రశ్నల ఆట, అక్కచెల్లెళ్ల బదులు ఇద్దరు అన్నదమ్ములు.

‘బేర్‌ఫుట్’ తీసుకుంటే ఆయాసం మీద రిహార్సల్ చేయించండి. లిఫ్టు లేని ఐదో అంతస్తుకి ఎక్కొచ్చిన ప్రతివాడూ ఒకేలా రొప్పితే రెండోసారికే విసుగు. తల్లి రొప్పు వేరు, టెలిఫోన్ మనిషి రొప్పు వేరు. పాత్ర పరిచయం ఆ ఊపిరిలోనే జరుగుతుంది.

అనువాదం జోలికి వెళ్తే రెండు చోట్ల ఆగుతారు. ఒకటి, ఫెలిక్స్ అంగర్ చీటీ కింద పెట్టే ‘ఎఫ్.యు.’ పొడి సంతకం. ఇంగ్లీషులో అది బూతు తిట్టు కూడా. రెండు, ‘ది సన్‌షైన్ బాయ్స్’లో ‘క’ శబ్దమున్న మాటలు నవ్విస్తాయన్న ముసలి హాస్యనటుడి సిద్ధాంతం. అర్థం అనువదిస్తే చచ్చిపోతుంది, తెలుగులో నవ్వించే శబ్దం వెతుక్కోవాల్సిందే.

తెరవెనుక:


చదివే వరుస: ముందు ‘బేర్‌ఫుట్’ (1963), తర్వాత ‘ఆడ్ కపుల్’ (1965), ‘సన్‌షైన్ బాయ్స్’ (1972). అక్కణ్ణుంచి యూజీన్ అనే కుర్రాడి మీద రాసిన మూడు నాటకాలు: ‘బ్రైటన్ బీచ్ మెమోయర్స్’ (1983), ‘బిలాక్సీ బ్లూస్’ (1985), ‘బ్రాడ్వే బౌండ్’ (1986). ఇవి ఆత్మకథకు దగ్గరే గానీ, ఆత్మకథ అనుకుని తేదీలు సరిచూడకండి.

మూడోగంట:
ఒక్క సవరణ. ‘లాస్ట్ ఇన్ యాంకర్స్’ (1991) చివరికి పెట్టకండి, ‘ఆడ్ కపుల్’ పక్కనే చదవండి. పులిట్జర్ బహుమతి వచ్చింది దీనికే. రెండో అంకంలో బెల్లా అనే పాత్ర ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి తాను పెళ్లి చేసుకుంటానని చెప్పే చోట, ఆడ్ కపుల్ భోజనం రంగంలో వాడిన పనితనమే ఉంది: కదలకుండా కూర్చున్న మనుషులు, మధ్యలో ఒకరి ఏడుపు. అక్కడ నవ్వుతాం, ఇక్కడ నవ్వు గొంతులో ఆగిపోతుంది.