స్పెయిన్ మార్కుల పత్రంలోని పొడి అక్షరాలను ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ప్రశ్న: 2003–2008 మధ్య స్పెయిన్‌లో ఆర్థికశాస్త్రం చదివిన ఒకరి మార్కుల పత్రం అనువాదానికి వచ్చింది. అమెరికాలో చదువుకు దరఖాస్తు చేస్తున్నారట. సబ్జెక్టుల పేర్లతో పేచీ లేదు. ఎన్‌టీ, ఎస్‌బీ, ఎమ్‌హెచ్ లాంటి పొడి అక్షరాలే తల తినేస్తున్నాయి. 'కాన్వ్.' అని రెండు చోట్ల ఉంది. ఒకటే అర్థమా? ఎన్‌టీ బదులు 'బి గ్రేడు' అని రాసేయవచ్చా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. అమెరికా గ్రేడులోకి మార్చుకునేది పత్రాలను మదింపు చేసేవాళ్లు. మనం ఉన్నది ఉన్నట్లు ఇవ్వాలి. ఎన్‌టీ అంటే నోతాబ్లే, పదికి 7 నుంచి 8.9; 'వెరీ గుడ్' అనండి. ఎస్‌బీ (సోబ్రెసాలియెంతే) 9, ఆపైన, 'ఔట్‌స్టాండింగ్' సరిపోతుంది. ఏపీ అంటే 5 నుంచి 6.9, పాస్. ఎస్‌ఎస్ అంటే ఫెయిల్. ఎన్‌పీ అంటే పరీక్షకే రాలేదని. దాన్ని ఫెయిల్ కింద జమకట్టకండి.

జాగ్రత్త అవసరమైనది ఎమ్‌హెచ్ దగ్గర. మత్రీకులా దె ఓనోర్‌ను మాటకు మాట దించితే 'గౌరవ నమోదు' అవుతుంది, చదివేవాళ్లకు ముక్క అర్థం కాదు. 2003 నాటి 1125వ రాజశాసనం ప్రకారం 9 లేదా అంతకు మించి వచ్చినవాళ్లకే ఇస్తారు. అదీ ఆ సబ్జెక్టులో చేరినవాళ్లలో 5 శాతానికి మించకూడదు. 20 మంది కంటే తక్కువుంటే ఒక్కరికే. 'ఔట్‌స్టాండింగ్ విత్ ఆనర్స్' అని రాసి, ఈ నిబంధనను అనువాదకుల గమనికగా కింద పెట్టండి. లేకపోతే ఆ విద్యార్థి కష్టం గాలికి పోయినట్లే.

మరొకరి జవాబు: కాన్వ్. సంగతికొస్తే, నిలువు వరుస పైన ఉండి కింద 1, 2 అంకెలుంటే కాన్వొకతోరియా, అంటే ఎన్నోసారి పరీక్ష రాశారన్నది. మార్కు ఉండాల్సిన గడిలో ఉంటే కాన్వలిదాదా, అంటే వేరేచోట చదివినదాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకున్నారని.

పాత పాఠ్యప్రణాళిక అయితే క్రెడిట్లనూ చూడండి. అప్పట్లో ఒక క్రెడిట్ అంటే 10 గంటల బోధన. ఇప్పటి యూరోపియన్ క్రెడిట్ (ఈసీటీఎస్) విద్యార్థి మొత్తం శ్రమకు కొలత, 25 నుంచి 30 గంటలు. పత్రంలో లేకుండా 'ఈసీటీఎస్' అని మీరు చేర్చకండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. 'టి', 'ఎల్‌సీ' కూడా ఉన్నాయి.

జవాబు: టి అంటే త్రోంకాల్, దేశమంతటా ఆ డిగ్రీకి తప్పనిసరైన సబ్జెక్టు, 'కోర్' అనండి. ఎల్‌సీ విద్యార్థి తన ఇష్టంతో ఎంచుకునేది, 'ఫ్రీ ఎలెక్టివ్'. అన్నట్టు, వాళ్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. ఇంగ్లీషులో చుక్కగా మార్చడం మరవకండి.